సంతకము లేని పని

మానవుడు చేయు పనులు రెండు విధములు. చేసిన వెంటనే పదిమంది కంటికి కనబడునవి కొన్ని. చేసినవాడు తప్ప మరియొకడు ఎన్నడును చూడనివి కొన్ని. గోడకు వేసిన సున్నము కనబడును. గోడ క్రింద పునాదిలో పరచిన రాయి కనబడదు. లోకము మొదటిదానిని మెచ్చుకొనును, రెండవదానిని మరచిపోవును. మరచిపోవుటయే కాదు, దానికి వెల ఇచ్చుటకు సైతము వెనుదీయును. అయినను ఇల్లు నిలుచునది ఆ రెండవదాని మీదనే. ఇందుండి ఒక ప్రశ్న పుట్టుచున్నది. ఎవ్వరును చూడని పనిని చక్కగా చేయవలెనని పనివానిని కట్టి ఉంచునది ఏది? చట్టమా? కూలియా? భయమా? చూచువాడు లేనిచోట తప్పు చేసినవాడు ఎవరికి జవాబుదారి?

ఇది పండితులు మాత్రమే చర్చించుకొను ప్రశ్న కాదు. ప్రతి ఊరి బజారులోను, ప్రతి దినమును, స్క్రూడ్రైవరు చేతబట్టిన యువకుని ముందు ఇది నిలుచుచున్నది. ఉదాహరణమునకు నర్సీపట్నమును తీసికొనవచ్చును. మైదానమునకును మన్యమునకును నడుమ గుమ్మము వంటిదీ ఊరు. 2022 ఏప్రిల్ 4వ తేదీన అనకాపల్లి జిల్లా ఏర్పడు వరకు ఇది విశాఖపట్నము జిల్లాలో ఉండెడిది. ఒకవైపు తుని దారి, మరియొకవైపు చింతపల్లి, లంబసింగి ఘాటు దారి. చలికాలమున మంచు చూడవచ్చువారి కార్లు, మన్యపు సంతలకు మనుషులను, సరకులను మోయు జీపులు ఈ ఊరి మీదుగానే సాగును. వాహనము ఎక్కడ ఆగునో అక్కడ దానిని ఆశ్రయించి బ్రతుకు చేతిపనులు పుట్టుట సహజము. అట్టి వానిలో రెండింటిని, కొండ పక్కన ఉన్నందున యువకుల మనస్సును లాగు మూడవ దానిని ఒకటిని తీసికొని యోచించిన ఈ ప్రశ్న స్పష్టపడగలదు. మొదటిది కారులో పాటల పెట్టెకు తీగలు కలుపుట. రెండవది బోర్డులు, రేడియము అక్షరములు తయారుచేయుట. మూడవది తుపాకి మోజు.

మొదటిదానిని కొంచెము వివరముగా చూడవలెను. కారులో స్టీరియో బిగించుట పైకి సులభముగా కనిపించును. సామాన్యముగా పసుపుపచ్చ తీగ బ్యాటరీ నుండి ఎల్లవేళల కరెంటు తెచ్చును. ఎర్ర తీగ తాళము త్రిప్పినప్పుడు మాత్రమే తెచ్చును. నల్లతీగ బండి ఇనుప శరీరమునకు ఎర్తుగా కలియును. ఇంతవరకు నేర్చినవారు చాలమంది. కాని యువకునకు ఆ పెట్టెలో వచ్చు పాట చాలదు. పెద్ద ఊఫరు కావలెను. దానిని నడుపుటకు యాంప్లిఫయరు కావలెను. ఇక్కడ లెక్క మారును. వెయ్యి వాట్ల కరెంటును లాగు యాంప్లిఫయరుకు ఇంటిలోని 230 వోల్టుల మీద అయినచో నాలుగున్నర ఆంపియర్ల లోపుననే చాలును. కారు బ్యాటరీలో ఉన్నవి సుమారు పన్నెండున్నర వోల్టులే కావున అదే వెయ్యి వాట్లకు 80 ఆంపియర్లు పారవలెను. కరెంటు రెట్టింపైన తీగలో పుట్టు వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. పన్నెండు వోల్టులు ముట్టుకొన్నను షాకు కొట్టవు గనుక అందులో అపాయము లేదని పలువురు భ్రమపడుదురు. షాకు కొట్టదు, నిజమే. కాని సన్నని తీగను ఎర్రగా కాల్చి, సీటు క్రింది దూదిని అంటించుటకు అది చాలును.

ఈ అపాయమునకు అడ్డముగా నిలుచునది ఫ్యూజు. అది యంత్రమును కాపాడుటకు ఉన్నదని సామాన్యులు తలచెదరు. ఈ పెద్ద తీగ మీది ఫ్యూజు ముఖ్యముగా కాపాడునది తీగను. కనుకనే దానిని యాంప్లిఫయరు వద్ద కాక బ్యాటరీకి దగ్గరగా, జానెడు రెండు జానల లోపల బిగించవలెను. బ్యాటరీ నుండి ఫ్యూజు వరకు గల తీగకు కాపలా లేదు. అది ఎంత పొట్టిగా ఉన్న అంత క్షేమము. ఇంజను గదినుండి తీగను లోపలికి తెచ్చునప్పుడు రేకుకు పొడిచిన రంధ్రములో రబ్బరు బుష్షు వేయవలెను. వేయనిచో ఘాటు దారి కుదుపులకు రేకు అంచు తీగపై తొడుగును కొద్దికొద్దిగా కోయును. ఎర్తు తీగను బిగించుచోట రంగును గీకి ఇనుము బయటపెట్టవలెను. ఈ మూడు పనులకు పట్టు కాలము ఒక అరగంట. వీనిలో ఒక్కటియు బండి యజమానికి కనబడదు. చేసినను, చేయకున్నను ఆనాటి పాట ఒకే తీరుగా మ్రోగును.

దోషములు వెదకుటలోను ఒక ధర్మము కలదు. ఇంజను వేగము పెరిగినకొలది స్పీకరులో సన్నని కూత పెరిగినచో చాలవరకు ఎర్తులోనో, కరెంటు తీగకు పాట తీగ మిక్కిలి దగ్గరగా పోవుటలోనో లోపమున్నదని అర్థము. ధ్వని పెంచగానే పాట తెగిపోవుచున్నచో తీగ సన్నమై వోల్టులు దారిలోనే తగ్గిపోవుచుండవచ్చును. రెండు స్పీకర్లును మంచివే అయి, క్రింది స్వరము మాత్రము మాయమైనచో ఒకదాని తీగలు తారుమారైనవని గ్రహించవలెను. అప్పుడు ఒకటి గాలిని ముందుకు తోయుచుండగా రెండవది వెనుకకు లాగును, ఒకదాని శ్రమను మరియొకటి చెరుపును. లోపము అది మాట్లాడు భాషలో కారణమును చెప్పుచునే ఉండును. వినువానికి ఓపిక ఉండవలెను.

అన్నిటికంటె స్పష్టముగా మాట్లాడునది ఫ్యూజు. అది మాటిమాటికి కాలిపోవుచున్నదనగా ఎక్కడనో తీగ ఒరుసుకొని ఇనుమును తాకుచున్నదని గాని, తాహతుకు మించిన బరువు పడుచున్నదని గాని అర్థము. ఇక్కడనే పరీక్ష ఎదురగును. పెండ్లికి పోవలసిన బండి గుమ్మములో నిలిచియుండును. యజమాని తొందరపడుచుండును. "ఇంకొంచెము పెద్ద ఫ్యూజు వేసి పంపించు బాబూ, ముహూర్తము మించిపోవుచున్నది" అనును. ముప్పది ఆంపియర్ల చోట అరువది ఆంపియర్లది వేసిన, లేదా రాగి తీగ ముక్కను చుట్టిన, క్షణములో పాట మ్రోగును. డబ్బు చేతికి వచ్చును. యజమాని మెచ్చుకొని పోవును. కారణము వెదకినచో రెండు గంటలు పట్టును, యజమాని విసుగుకొని ప్రక్క దుకాణమునకు పోవును. దోషమును చెప్పుచున్న నోటిని మూయుట, దోషమును తొలగించుట - ఈ రెండును పైకి ఒక్కటే ఫలమునిచ్చుచున్నవి. భేదము తెలిసినవాడు ఒక్క పనివాడే. ఆ బండిలో రాత్రి కూర్చుండబోవువారికి, నిద్రించు పసిబిడ్డలకు ఆ భేదము తెలియదు.

మానవుని అంతరాత్మయు ఇట్టి ఫ్యూజు వంటిదే. తాహతుకు మించిన పని చేయించినప్పుడు అది తెగి పనిని ఆపును. దానిని పెద్దది చేసికొనుట ఎల్లరికిని తెలిసిన ఉపాయమే. మొదట చిన్న తప్పునకు మనస్సు ఆగును, రెండవమారు ఆగదు, కొంతకాలమునకు ఎంతటి తప్పునకైనను ఆగదు. అప్పుడు జీవితము నిరాటంకముగా సాగుచున్నట్లు కనిపించును. కాలుచున్నది లోపలి తీగ.

రెండవ పని బోర్డులు వ్రాయుట. ఫ్లెక్సీ రాకపూర్వము బోర్డు వ్రాయు చిత్రకారుడు సుద్దదారముతో గీత కొట్టి, కుంచెతో అక్షరము దిద్ది, నీడ పెట్టి, చివరకు మూలన తన పేరు, ఊరు వ్రాసికొనెడివాడు. ఆ చిన్న సంతకములో గొప్ప నీతి కలదు. అక్షరము వంకర పోయిన, రంగు ఏడాదిలో వెలసిన, అది ఎవరి పనియో ఊరంతటికి తెలియును. పని కనబడునది, చేసినవాని పేరు కనబడునది. తీగ కలిపినవాడు కారు తివాచీ క్రింద సంతకము చేయడు. కావున బోర్డు వ్రాయువానికి ధర్మము సులభమనియు, తీగ కలుపువానికి కష్టమనియు తోచును.

కాని ఆ మాట పూర్తిగా సరికాదు. కనబడు పనిలోను కనబడని భాగమొకటి ఉండును. ఘాటు మలుపు వద్ద నిలుపు హెచ్చరిక బోర్డును సామాన్యమైన రంగుతో వ్రాసినను, వెలుగును తిరిగి వెదజల్లు పొరతో చేసినను పగటివేళ రెండును ఒక్కతీరుగనే ఉండును. మంచు కమ్మిన రాత్రి డ్రైవరు దీపము దానిపై పడినప్పుడు మాత్రమే భేదము బయటపడును. అప్పటికి మలుపు దగ్గరకు వచ్చియుండును. ఈ పొరనే బజారులో రేడియము అందురు. అందు రేడియము లేదు. అదొక పాత పేరు మాత్రమే. అయితే ఆ పేరు వెనుక ఒక దుఃఖగాథ కలదు. 1910, 1920 దశకములలో అమెరికాలో గడియారపు అంకెలు చీకటిలో మెరయుటకై నిజమైన రేడియము కలిపిన రంగును యువతులచే పూయించిరి. కుంచె మొనను పెదవులతో సన్నము చేసికొనుడని వారికి నేర్పిరి. ఆ రంగు అపాయకరమని వారికి ఎవ్వరును చెప్పలేదు. పలువురి దవడ ఎముకలు క్షీణించినవి, కొందరు మరణించిరి. 1927లో న్యూజెర్సీలో అయిదుగురు స్త్రీలు దావా వేయగా 1928లో రాజీ కుదిరినది. గడియారములు చక్కగా మెరసినవి, కొన్నవారు సంతోషించిరి. కనబడని భాగములో మాత్రము ధర్మము చచ్చినది.

బోర్డు వ్రాయువానికి మరియొక పరీక్ష కలదు. అతడు వ్రాయునది అక్షరము. అక్షరము సత్యమో అసత్యమో కాకతప్పదు. పత్రికతో సంబంధము లేనివాడు బండి మీద ప్రెస్ అని అతికించమనును. పోలీసు కానివాడు పోలీసు అని వ్రాయమనును. నంబరులోని ఒక అంకెను పేరువలె తోచునట్లు వంకర త్రిప్పుమనును. 2019 ఏప్రిల్ 1 నుండి క్రొత్త వాహనములకు హై సెక్యూరిటీ నంబరు ప్లేటు విధిగా వచ్చినది గనుక నంబరు విషయములో కొంత అదుపు ఏర్పడినది. తక్కిన రాతలకు అట్టి కాపలా లేదు. "వ్రాయుట నా పని, దానిని వాడుకొనుట అతని పాపము" అని చిత్రకారుడు తప్పించుకొనవచ్చునా? అబద్ధము చెప్పువాడు నోరు వాడినచో, ఇక్కడ ఆ నోరు చిత్రకారుని కుంచెయే కదా.

మూడవది తుపాకి. నర్సీపట్నము పరిసరములలో తుపాకి అనగానే పెద్దలకు జ్ఞాపకము వచ్చునది మన్యపు పోరాటము. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో దాడి చేసి ఆయుధములు తీసికొనెను. తీసికొన్న తుపాకుల లెక్కను ఠాణా పుస్తకములో వ్రాసి, క్రింద సంతకము చేసి వెళ్లెనని ఆ చరిత్ర వ్రాసినవారు చెప్పుచున్నారు. ఆయుధము పట్టుట ధర్మమా కాదా అను వాదము ఎప్పుడును ఉండునదే. ఆ వాదముతో పనిలేకనే ఇందు గ్రహింపదగిన విషయమొకటి కలదు. చేసినది తాను చేసితినని, దాని ఫలమునకు తానే బాధ్యుడనని పేరు పెట్టి ఒప్పుకొనుట అది. 1924 మే 7న కొయ్యూరు వద్ద ఆ ఫలమును ఆయన అనుభవించెను. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో నేటికిని కలదు.

నేటి తుపాకి మోజు వేరు. దానిలో మేలు లేకపోలేదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్యపతకము గెలిచెను. ఊపిరిని నిలిపి, మనస్సును ఒక చుక్కపై నిలిపి సాధించు ఆ విద్య యోగమునకు దూరమైనది కాదు. అయితే తుపాకి విషయములో చట్టము ముందుగనే గుమ్మములో నిలిచినది. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనుటయే కాదు, వృత్తిగా దానిని తయారుచేయుట, అమ్ముట, బాగుచేయుట సైతము నేరము. ఆటబొమ్మ తుపాకిని నిజమైనదిగా మార్చుటయు నేరమే. 2019 సవరణతో పెండ్లిళ్లలో, ఊరేగింపులలో వేడుకకు కాల్చి ఇతరుల ప్రాణమునకు అపాయము తెచ్చినవానికి రెండేండ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని పడును. లైసెన్సు ఉన్నంతమాత్రమున అడవి జంతువును చంపు హక్కు కలుగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి అడ్డు.

ఈ మూడింటిని వరుసగా నిలిపి చూచిన ఒక సంగతి తెలియును. తుపాకి బాగుచేయువానిపై చట్టపు చూపు తీక్షణముగా ఉన్నది. బోర్డు వ్రాయువానిపై మసకగా ఉన్నది. తీగ కలుపువానిపై దాదాపు లేదు. అనగా చట్టము చూపు తగ్గినకొలది పనివాని స్వధర్మము మీద పడు బరువు పెరుగుచున్నది. లోకము దీనిని తలక్రిందులుగా తలచుచున్నది. చట్టము పట్టించుకొననిది చిన్నవిషయమని ఎంచుచున్నది.

గురి కాల్చుట నేర్పువారు మొదటిదినమే కొన్ని నియమములు చెప్పెదరు. ప్రతి తుపాకియు గుండు నింపినదే అని ఎంచవలెను. కాల్చదలచనిదానివైపు గొట్టమును త్రిప్పరాదు. గురి కుదురువరకు మీటపై వ్రేలు పెట్టరాదు. గురిని మాత్రమే కాక, గురి వెనుక ఏమున్నదో చూడవలెను. ఈ నాల్గవ నియమము తుపాకికే చెందినది కాదు. ప్రతి పనివానికిని అది వర్తించును. గిరాకి గురి వంటివాడు. అతని వెనుక ఎవరున్నారు? కారులో అతని తల్లి, బిడ్డలు ఉన్నారు. దారిలో బాటసారులున్నారు. పాట మ్రోగు వీధిలో ముసలివారు, రోగులు, పరీక్షకు చదువుకొను పిల్లలు ఉన్నారు. శబ్దకాలుష్యమును గూర్చి 2000లో వచ్చిన నియమములు నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి పది గంటల నుండి ఉదయము ఆరు వరకు 45 డెసిబెల్సు హద్దుగా పెట్టినవి. ఆ వీధివారి నిద్రయు ఆ నలుగురు కూర్చుండు బండితో పాటు పనివాని లెక్కలో చేరవలెను.

అట్లైన గిరాకి కోరిన ప్రతిదానిని పనివాడు తూచి తీర్పు చెప్పవలెనా? అట్లు కాదు. గిరాకి అభిరుచికి పనివాడు గురువు కాడు. పచ్చ దీపము కోరినను, పెద్ద అక్షరము కోరినను, నచ్చని పాట కోరినను చేసి ఇచ్చుటయే మర్యాద. కీడు అతనికే కలుగునదై, అతనికి తెలిసినదే అయినచో ఒకమారు హెచ్చరించుట చాలును. కీడు అతనికే కలుగునదైనను అతనికి తెలియనిదైనచో విడమరచి చెప్పుట విధి. చెప్పక చేయుట మోసము. కీడు ఇతరులకు కలుగునదైనచో చెప్పుట చాలదు, చేయకుండుటయే ధర్మము. పెద్ద ఫ్యూజు కథలో బండి ఎక్కువారందరు ఇతరులే గనుక అది ఈ మూడవ తెగలోనికే వచ్చును.

ఇందుకు రెండు అభ్యంతరములు తరచుగా వినబడును. "నేను చేయకున్న ప్రక్క దుకాణమువాడు చేయును, కాలునది ఎట్లును కాలును" అనునది మొదటిది. ఊరిలోని దుకాణములన్నియు ఈ మాటనే చెప్పుకొనినచో, మంట పుట్టినప్పుడు దానిని పుట్టించినవాడు ఎవ్వడును ఉండడు. పదిమంది పంచుకొన్నంతమాత్రమున తప్పు పదవవంతు కాదు. అంతేకాదు, కారణము చెప్పి కాదన్నవాని మాట గిరాకి చెవిలో మిగులును. రెండవ దుకాణము మెట్లు ఎక్కునప్పుడు అతడు మొదటి అజ్ఞానముతో ఎక్కడు.

రెండవ అభ్యంతరము బరువైనది. "ఇంటిలో పొయ్యి వెలుగవలెను. రోజుకు నాలుగు బండ్లు వచ్చుటే గగనము. అందులో ఒకదానిని తిప్పి పంపిన పిల్లల బడి ఫీజు ఎవరు కట్టుదురు?" ఈ మాటను నీతి చెప్పువారు తేలికగా త్రోసివేయరాదు. ఆకలి ముందు ఉపన్యాసము అవమానమే. కాని ఈ భారమును పనివాని ఒక్కని నెత్తినే పెట్టినది ఎవరు? కనబడు స్పీకరుకు వేలు పోసి, కనబడని తీగకు వందల వద్ద బేరమాడు యజమానియే. అరగంట చాటు పనికి కూలి ఇవ్వనివాడు, ఆ అరగంట పని జరుగలేదని తరువాత వగచుట న్యాయము కాదు. పని చేయించుకొనువాడు "ఫ్యూజు ఎక్కడ పెట్టినావు? ఎన్ని ఆంపియర్లది? తీగ ఏ దారిన వచ్చినది?" అని మూడు ప్రశ్నలడిగి, దానికి వేరుగా కూలి ఇచ్చినచో, నిజాయితీపరునికి బ్రతుకుదెరువు దొరకును. చాటు పనిలోని ధర్మము చేయువానిదే కాదు, చేయించుకొనువానిది సైతము.

ఇది జరుగగలదా అని సందేహించువారు నర్సీపట్నమునకు దాపున, వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక వైపు చూడవచ్చును. అంకుడు కర్రతో అక్కడ చేయు లక్కబొమ్మలు ప్రసిద్ధములు. బొమ్మను పసిబిడ్డ నోట పెట్టుకొనును. రంగులో విషమున్నదో లేదో ఆ మెరుపు చెప్పదు. రసాయనపు రంగు చౌక, పని త్వరగా తెమలును. అయినను ఆకు, బెరడు, గింజల నుండి తీసిన సహజపు రంగుల దారిని ఆ ఊరి కళాకారులు తిరిగి పట్టిరి. అందుకై దీర్ఘకాలము కృషి చేసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించినది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. కంటికి కనబడని మేలునకు వెల కట్టు కొనుగోలుదారులు దొరకినందుననే ఆ పని నిలిచినది.

శరణుల కాలమున కాయకము అను మాటకు వచ్చిన గౌరవము ఇందులకే. ఏ పనియు నీచము కాదని చెప్పుటతో అది ఆగలేదు; ఆ పని ఎట్లు జరిగినదని కూడ అడిగినది. బియ్యపుగింజలు ఏరి తెచ్చుట కాయకముగా గల మారయ్య ఒకనాడు మామూలుకంటె ఎక్కువ తేగా, ఆయన ఇల్లాలు లక్కమ్మ మిగులును తిరిగి పోసి రమ్మని పంపిన కథ తెలియనివారుండరు. ఆ పిడికెడు ఎక్కువైన సంగతిని బయటివారెవ్వరును లెక్కపెట్టలేదు. లెక్కపెట్టినది ఇంటిలోని ఒక స్త్రీ. చాటు పనికి సాక్షి ఎవరను ప్రశ్నకు అక్కడ సమాధానము కలదు. ఇంటివారు సాక్షులు కావలెను. తండ్రి తెచ్చిన డబ్బును లెక్కించునప్పుడు "ఈ రోజు బండి సరిగా చేసి పంపినావా?" అని అడుగు ఇల్లు ఏ చట్టమును చేరలేని చోటికి చేరును.

నేడు ఎందరో యువకులు స్క్రూడ్రైవరు, కుంచె, మీటరు పట్టుకొని బ్రతుకుదెరువు వెదకుచున్నారు. వారికి పెద్దలు పని నేర్పుటతో పాటు ఒక అలవాటు నేర్పవలెను. ఎవ్వరును చూడని చోట పని ముగించి మూత పెట్టుటకు ముందు, "ఇక్కడ నా పేరు వ్రాయవలసివచ్చిన వ్రాయుదునా?" అని తమను తాము అడుగుకొనుటయే అది. వ్రాయుదునని ధైర్యముగా చెప్పగలిగిన మూత పెట్టవచ్చును. సంకోచము కలిగినచో మరల విప్పవలెను.